భూతదయయు పొరుగుధర్మమును

మన తెనుగువారు లోభిని వర్ణింపవలసి వచ్చినప్పుడు "ఎంగిలిచేతితో కాకినైనను తోలడు" అందురు. చేయి విదల్చినచో వ్రేళ్ళకంటిన మెతుకు రాలి కాకినోట పడునేమోయను భయముచేత వాడు కాకిని తోలడని దాని భావము. మఱియొకనిగూర్చి "పిల్లికి బిచ్చము పెట్టడు" అందురు. సామెతలు జాతిమనస్సునకు అద్దములగుచో, పక్షికిని జంతువునకును ఇంత పెట్టుట మనుష్యత్వములో మొదటిమెట్టని మనవారు తలచినట్లు ఈ రెండుమాటలే చెప్పుచున్నవి. కోతలకాలమున క్రొత్త వరికంకులను కుచ్చులుగ నల్లి ఇంటిచూరునకును దేవాలయ మంటపమునకును వ్రేలగట్టి పిచ్చుకలను విందునకు పిలిచినవారు మన పెద్దలు. తాము తినుటకు ముందు ఒక ముద్ద వెలుపలబెట్టి కాకికొఱకు ఎదురుచూచినవారును మన పెద్దలే.

అట్టి దేశమున నేడు "పావురములకు గింజలు వేయరాదు", "కోతులకు తినుబండారములు పెట్టరాదు", "అతిక్రమించినవారు జుల్మానాకు పాత్రులగుదురు" అను పలకలు వీధివీధిని వెలయుచున్నవి. వీనిని చూచి నొచ్చుకొనువారు కలరు. ఆకలిగొన్న ప్రాణికి పెట్టుట నేరమైన కాలము వచ్చెనా యని వారు నిట్టూర్చుచున్నారు. మఱికొందఱు ఆ పలకలనుచూచి ఎన్నాళ్ళకు బుద్ధివచ్చినదని సంతసించుచున్నారు. నిట్టూర్చువారిని మూఢులని తోసివేయుటయు, సంతసించువారిని నిర్దయులని నిందించుటయు సులభమైన పనులు. ఈ రెండు పనులును చేయక, ప్రశ్నను ప్రశ్నగనే విచారింపవలెనని నా యభిలాష. దయచేత చేయు పని యెల్ల ధర్మమగునా? నేనుచేయు దయకు పొరుగువాడు మూల్యము చెల్లింపవలసివచ్చినప్పుడు ఆ దయ యెవరిది?

ఈ వివాదము మన యిరుగుపొరుగులలో మాత్రమే పుట్టినది కాదు. లండను నగరమున ట్రఫాల్గరు చౌకమునందు పావురములకు మేతవేయుట 2003వ సంవత్సరమున నిషేధింపబడెను. వెనీసు నగరమువారు సెయింటు మార్కు చౌకమునందు 2008లో అట్టి నిషేధమునే విధించిరి. సింగపూరువారు 2020లో తమ వన్యప్రాణిచట్టమును సవరించి, ఏ వన్యప్రాణికిగాని అనుమతిలేక ఆహారము పెట్టినచో మొదటి తప్పునకు 5,000 డాలర్లవఱకు జుల్మానా విధింపవచ్చునని శాసించిరి. మన దేశములో బొంబాయి నగరమున పెక్కేండ్లనుండి ధర్మార్థమై నడచుచున్న కబూతరుఖానాలు 51 మూసివేయవలెనని 2025 జూలైలో ప్రభుత్వము ప్రకటించెను. మేతవేయువారిపై చర్య తీసికొనవలసినదిగ ఉన్నతన్యాయస్థానము పురపాలకసంస్థను ఆ నెలలోనే ఆదేశించెను. దాదరునందలి కబూతరుఖానాపై కప్పిన టార్పాలిను గుడ్డను ఆగస్టు మొదటివారమున జనులు గుంపుగ వచ్చి చించివేసిరి. వారిలో చాలమంది సాధుజనులు. జైనులును, ఇతరులును, చీమకైనను కీడు తలపనివారు. పావురములపై ప్రేమచేత వారు పోలీసులతో పెనుగులాడవలసి వచ్చెను. ఆ యుత్తరువులలో తాము జోక్యము చేసికొనమని ఆ నెలలోనే దేశపు ఉన్నతోన్నత న్యాయస్థానము చెప్పెను.

ఇంత దూరము పోనేల? మా యింటిమెట్లమీదనే ఈ ప్రశ్న నన్నెదుర్కొన్నది. హైదరాబాదులో నేను కాపురముండు భవనము అయిదంతస్తులది. నాలుగవ అంతస్తున ఒక వృద్ధురాలు ఒంటరిగ నుండును. మేమందఱము ఆమెను పిన్నిగారని పిలుతుము. బిడ్డలు దూరదేశములందున్నారు. ప్రతిదినము ఉదయము ఆమె తన వసారాకడ్డీపై రెండు దోసిళ్ళ జొన్నలు పోయును. మొదట నాలుగైదుగ వచ్చిన పావురములు రెండేండ్లలో అఱువది డెబ్బదికి పెరిగినవి. మూడవ అంతస్తున, సరిగ ఆమె వసారా క్రింద, ఉద్యోగము విరమించిన బడిపంతులుగారు కలరు. ఆయనకు చాలకాలమునుండి ఊపిరితిత్తుల జబ్బు. రెట్టలు పడి, ఎండి, పొడియై గాలిలో లేచుటచేత ఆయన తన కిటికీలు మూసికొని గ్రీష్మమంతయు గడపెను. వైద్యుడు పావురములకు దూరముగ నుండుమనెను. ఆయన యెక్కడికి పోగలడు? చివరకు భవనవాసుల సభ జరిగినది. మేతవేయరాదను నిబంధన వ్రాసి అంటింపవలసిన పని, అక్షరజ్ఞానము కొంచెము హెచ్చుగ నున్నదను నెపముచేత, నా నెత్తిపై పడినది. కాగితముముందు కూర్చుంటిని గాని రెండుదినములవఱకు ఒక్క వాక్యమును వ్రాయలేకపోతిని. ఆ రెండుదినముల యాలోచనయే ఈ వ్యాసమునకు మూలము.

మొట్టమొదట విచారింపవలసినది, మనము పెట్టు మేత ఆ ప్రాణికి మేలుచేయుచున్నదా యనునది. పావురము సంగతి చూడుడు. తక్కిన పెక్కుపక్షులు తమ పిల్లలను పురుగులతో పెంచును గావున పురుగులు దొరకు ఋతువుననే గ్రుడ్లు పెట్టును. పావురమట్లు కాదు. తన కంఠపుసంచిలో నూరు పాలవంటి పదార్థముతో అది పిల్లలను పెంచగలదు. తల్లిదండ్రులకు గింజలు దొరకినంతకాలము దానికి అన్ని ఋతువులును ఒక్కటే. ఒక్కొక్కసారి రెండేసి గ్రుడ్లు. సుమారు పదునెనిమిది దినములు పొదుగుట. పిల్లలు పెద్దవి కాకముందే మఱల గూటికి పుల్లలేఱుట. కావున ఒక యూరి పావురముల సంఖ్యను నిర్ణయించునది ఆ యూరివారి చేతులలోని గింజలే. నేడు పదింటికి పెట్టినవాడు రేపు ఇరువదింటిని పుట్టించును; ఎల్లుండి ఆ యిరువదింటి యాకలికిని ఉత్తరవాదియగును. ఆకలిని తీర్చితినని యతడు తలచును. నిజమునకు క్రొత్త యాకళ్ళను సృష్టించుచున్నాడు. గూళ్ళు చాలక, ఒండొంటిని త్రోసికొనుచు, రోగములను పంచుకొనుచు బ్రతుకు పక్షులగుంపును పెంచుట పక్షులయెడ దయ యగునా?

స్విట్జర్లాండులోని బాజెలు నగరపు చరిత్ర ఈ విషయమున మనకు మంచిపాఠము. ఆ నగరమున సుమారు 20,000 పావురము లుండెడివి. 1961 మొదలు 1985 వఱకు అధికారులు వానిని పట్టియు కాల్చియు సుమారు ఒక లక్షపక్షులను చంపిరి. సంఖ్య తగ్గలేదు. చచ్చినవాని స్థానమును మిగిలిన మేతతో పుట్టిన పిల్లలు నింపుచుండెను. 1988లో మార్గము మార్చిరి. మేతవలన పక్షులకే కలుగు బాధను పటములతోను కరపత్రములతోను జనులకు బోధించిరి. కొన్ని పావురములకు గూళ్ళు కట్టించి, అచ్చట గ్రుడ్లను తొలగించుచు, సంఖ్యను అదుపునందుంచిరి. నాలుగేండ్లలో పావురముల సంఖ్య సగమునకు తగ్గెను. లక్షప్రాణములను తీసిన తుపాకి చేయలేని పని, గింజలు వేయుట మానిన చేయి చేయగలిగెను. చదువరులు ఈ సంగతిని శ్రద్ధగ గమనింపవలెను. మేతవేయుటకును చంపుటకును నడుమ మనము తలచునంత దూరము లేదు. విచక్షణలేని మేతయే కాలక్రమమున వలలను, బోనులను, విషమును పిలుచుకొని వచ్చును. మేత మానుటయే నిజమైన యహింస యగు సందర్భములు కలవు.

కోతుల విషయము ఇంతకంటెను విషాదకరము. అడవిలోని కోతి మనుష్యుని చూచి దూరముగ తొలగును. ఆ భయమే దానికి రక్షణము. రహదారిప్రక్కను కారాపి అరటిపండు నందించువాడు మొదట దాని భయమును పోగొట్టును. పిమ్మట ఆహారమును వెదకుకొను శ్రమను మాన్పించును. మూడవది, మనుష్యుని చేతిలోని సంచి తనదేయను నమ్మకమును కలిగించును. అతడు పుణ్యమును మూటగట్టుకొని వెడలిపోవును. మఱునాడు ఆ దారిని పాలసంచితో పోవు బాలిక, కూరగాయలబుట్టతో పోవు ముసలమ్మ, ఆ కోతికి పండ్లివ్వని దోషులై కాటునకు గురియగుదురు. అటుపిమ్మట ఊరివారు మొఱపెట్టుకొందురు, పట్టువారు వచ్చెదరు, గుంపులోని తల్లులును పిల్లలును చెల్లాచెదరై బోనులలోనికి పోవును. పండు పెట్టిన చేయి ఆ సమయమున అచ్చట కానరాదు. 2007 అక్టోబరులో ఢిల్లీ నగరపు ఉపమేయరు తన మేడమీదికి వచ్చిన కోతులను తోలబోయి క్రిందపడి మరణించెను. ఆ కోతులు పుట్టుకతో దుష్టములా? లేక నగరజీవితమే వానికి ఆ యలవాటును నేర్పినదా?

జపానుదేశమున టకసకియామ యను కొండయందు జరిగినదియు చెప్పదగినది. అచ్చటి కోతులు రైతుల పంటలను పాడుచేయుచుండగా, వానిని కొండయొద్దనే నిలుపవలెనని 1950ల యాదిని ఆహారము పెట్ట నారంభించిరి. ఉద్దేశ మెంతయు మంచిది. అప్పుడు సుమారు 200 ఉన్న కోతులు కొన్ని దశాబ్దములలో 2,000 దాటెను. పిమ్మట ఆహారమును క్రమక్రమముగ తగ్గింపవలసి వచ్చెను. మన తెలంగాణమున కోతులబెడదచేత వేరుసెనగయు, మొక్కజొన్నయు, కాయగూరలును వేయుట మానుకొన్న రైతులున్నారు. పట్టణమునుండి వచ్చి దారిలో రొట్టెముక్కలు విసరువానికి పోయినది కొన్ని రూపాయలు. రైతునకు పోయినది ఏటి పంట. ఆ దానపు లెక్కపుస్తకమున రైతుపేరు ఎక్కడను వ్రాయబడదు.

ఇచ్చట రెండవ విచారణ ప్రారంభమగుచున్నది. దానమునకు లక్షణమేమి? తనదైన వస్తువును, తన స్వాధీనములోని దానిని, పరులమేలుకొఱకు త్యజించుట దానము. నాలుగవ అంతస్తునుండి గింజలు పోయువారు గింజలను మాత్రమే యిచ్చుచున్నారా? గింజలతోకూడ పొరుగువాని వసారాను, అతని యారవేసిన బట్టలను, అతని కిటికీగాలిని, రోగియైనచో అతని యూపిరిని ఇచ్చుచున్నారు. తనదికానిదానిని దానముచేయు నధికారము ఎవరికిని లేదు. ఒకడు తన పొలముగట్టున వెలగచెట్టు నాటి కోతులకు విడిచినచో అది దానము. పొరుగువాని తోటలోనికి కోతులను తోలినచో దానికి వేఱుపేరు కలదు. పుణ్యము నాకును రెట్ట పొరుగువానికిని పంచబడు వ్యాపారమును ధర్మమని పిలుచుట భాషకు చేయు నపచారము.

ఈ రెట్ట యను మాట సభ్యసమాజమున నుచ్చరింపదగనిదని కొందఱనుకొందురు. కాని దానినే దినదినము గీకి కడుగువారు మన యూళ్ళయందు కలరు. వారు పారిశుద్ధ్యపు పనివారు. మేతవేయువాడు ఉదయమున పదినిమిషములు నిలిచి వెడలును. తుడుచువారు దినమంతయు ఆ ధూళిలో నుందురు. పావురముల రెట్టయందును ఈకలపొడియందును ఉండు పదార్థములను చిరకాలము పీల్చుటచేత కొందఱి యూపిరితిత్తులు వాచి, క్రమముగ గట్టిపడి, ఊపిరి యాడని జబ్బు కలుగునని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. ఎండిన రెట్టలయందు పెరుగు బూజువలన బలహీనులకు మెదడుపొరల వ్యాధి కూడ రావచ్చును. ఇవి అందఱకును వచ్చునవి కావు. ఒక్క పావురము కిటికీపై వ్రాలగనే బెదరిపోవలసిన పనిలేదు. కాని ఎవరికి వచ్చునో ముందుగ తెలియదు. వచ్చినవానికి మఱల క్రొత్త యూపిరితిత్తులను మన పుణ్యము కొనియియ్యజాలదు.

మనము మేతవేయుట యెందులకని మనలను మనమే యొకసారి ప్రశ్నించుకొందము. కొందఱు గ్రహశాంతికి వేయుదురు. ఫలానిగ్రహము చల్లబడుటకు ఫలానిధాన్యము పావురములకు వేయుమని జ్యోతిష్కుడు చెప్పినాడట. ఇందు పావురముపై దయ యెంత? ఆ పక్షి మన గ్రహబాధను మోయు కూలిది మాత్రమే. కొందఱు బిడ్డల వినోదమునకు వేయుదురు. కొందఱు తమ చుట్టును ఱెక్కలచప్పుడు వినబడుట హాయియని వేయుదురు. ఇవి యేవియు పాపములు కావు. కాని వీనిని దయయని పిలుచుకొనుటకు ముందు, ఆ ప్రాణి మేలును మన మనస్సు నిజముగ విచారించినదా యని యడుగుకొనుట విధి. దయ హృదయమున పుట్టును. బుద్ధి దానికి కన్ను. కన్నులేని దయ తాను త్రొక్కుచున్నదేమో యెఱుగదు.

ఇక నెదుటిపక్షమువారి వాదములను వినవలెను. అందు మొదటిది ధర్మశాస్త్రపు వాదము. గృహస్థునకు విధింపబడిన పంచమహాయజ్ఞములలో భూతయజ్ఞ మొకటి; ప్రాణులకు బలియన్న మిడుట నిత్యకర్మ; దానిని పురపాలకులు నిషేధించుట మతమున చేయిపెట్టుట కాదా యని వారందురు. ఈ వాదము తోసివేయదగినది కాదు. కాని ఆ విధిలోని మితమును గమనింపుడు. పిడికెడన్నము, తన యింటిముంగిట, తన భోజనములోనుండి తీసి పెట్టునది. చూరునకు కట్టిన వరికుచ్చు కోతలకాలమున మాత్రమే వ్రేలాడును; పిచ్చుకలు తినివేయగనే ముగియును. బస్తాలకొలది ధాన్యమును కొని చౌకమున కుమ్మరింపుమని ఏ పెద్దయు చెప్పలేదు. ఆచారముయొక్క రూపమును పదిరెట్లు పెంచి, దాని హద్దును విడిచిపెట్టుట ఆచారమును పాటించుట కాదు. జైనమతమున అహింసతో పాటు సమితులను జాగరూకతావ్రతములును చెప్పబడినవి. అడుగువేయుటలో జాగ్రత్త, పలుకుటలో జాగ్రత్త, మలాదుల విసర్జనయందు సయితము ఏ ప్రాణికిని హాని కలుగకుండ స్థలము చూచుకొనుటలో జాగ్రత్త. తన పని యెక్కడ యెవరికి తగులునో చూచుకొనుటయే అహింసయని చెప్పిన యా సూక్ష్మదృష్టి, గింజలు వేయుచోటను గూర్చియు మనలను హెచ్చరింపదా?

మన రాజ్యాంగమునందు 1976లో చేర్చబడిన ప్రాథమికవిధులలో ప్రాణులయెడ కరుణ కలిగియుండవలెనను విధి కలదు. మేతవేయువారు దానిని తఱచుగ నుదాహరించుచున్నారు. మంచిదే. కాని ఆ వాక్యముననే అడవులను, చెఱువులను, నదులను, వన్యప్రాణులను కాపాడవలెననియు కలదు. ఒకే వాక్యమున రెండింటిని కూర్చుట యాదృచ్ఛికము కాదని నా నమ్మకము. ప్రాణిని దాని తావునందు దానిగ బ్రతుకనిచ్చుటయే కరుణకు పూర్ణరూపము.

ఈ మాటతోనే రెండవ వాదము లేచును. అది అన్నింటిలో బలమైనది. "దాని తావెక్కడ మిగిలినది? కొండలను పిండిచేసితిరి; చెఱువులను పూడ్చి మేడలు కట్టితిరి; మఱ్ఱిని, మేడిని నఱికి రహదారులు వేసితిరి. కోతి మీ యింటికి వచ్చినదా, మీరే దాని యింటికి వచ్చితిరా? సర్వమును లాగుకొని, పిడికెడు మేతకూడ వలదనుటకు మీకు నోరెట్లు వచ్చెను?" ఈ ప్రశ్నకు తల వంచవలసినదే గాని ఎదురుచెప్పదగినది లేదు. మనము ఋణపడియున్నాము. అయినను పెద్దయప్పును పిడికెడు వేరుసెనగలతో తీర్చితినని తృప్తిపడువాడు ఋణదాతను రెండవసారి మోసగించుచున్నాడు. ఆ యప్పు తీర్చు మార్గము వేఱు. రహదారిపై మేత మానుటతో పాటు, అడవులలో పండ్లచెట్లు నాటవలెను, చెఱువులను నిలుపవలెను, కోతులకు సంతాననియంత్రణచికిత్సను బాధలేకుండ చేయింపవలెను. తెలంగాణమున నిర్మలు జిల్లాలో అట్టి చికిత్సకై 2020లో ఒక కేంద్రము తెఱవబడెను. కాని ఒక్క కేంద్రము, ఒక్క సంవత్సరపు మొక్కలు ఇట్టి పనికి చాలవు. ఋణము తరతరములది, తీర్చుటయు ఓపికతో చేయవలసినది.

మూడవ వాదము నిబంధనలు చేయువారిని సూటిగ తాకుచున్నది. పిడికెడు గింజలు వేసిన ముసలమ్మకు జుల్మానా. పెండ్లివిందు ముగిసినపిమ్మట గంపలకొలది అన్నమును వీధిమూలను కుమ్మరించు మంటపమువానికి ఏమి శిక్ష? మూతలేని చెత్తకుండి ఎన్ని కోతులకు, పందులకు, కుక్కలకు, కాకులకు అన్నసత్రమై యున్నది! తిరుమలకు పోవు నడకదారిలో 2023 ఆగస్టునందు ఆఱేండ్ల బాలికను చిఱుతపులి పొట్టనబెట్టుకొన్నది. ఆ పిదప దేవస్థానమువారు దారిలో జంతువులకు ఆహారము పెట్టరాదని నిషేధించిరి. ఆ బిడ్డ మరణమునకు ఎవరో పెట్టిన పండు కారణమని నేననను. అట్లనుటకు ఎవరికిని అధికారము లేదు. కాని ఎంగిలివిస్తళ్ళున్నచోటికి కుక్కయు పందియు చేరుట, వానివెంట వానిని తిను మృగము వచ్చుట ప్రకృతిధర్మము. ఈ గొలుసులో మేతవేయు భక్తుని చేయి ఒక కడియమైనచో, చెత్తను తీయింపని యధికారియు, పాఱవేయు దుకాణదారుడును తక్కిన కడియములు. దుర్బలునిపై మాత్రమే పడు నిబంధన న్యాయమైనదైనను గౌరవమును పొందదు. చెత్తకుండికి మూత వేయనివారు ముసలమ్మ చేయి పట్టుకొనుట సిగ్గుచేటు.

మఱియొక మాట. అలవాటుపడిన పక్షులకు ఒక్కనాడు మేత యంతయు మాన్పుటయు ధర్మము కాదు. పెంచినవారే దినదినమును తగ్గించుచు, ఇండ్లకు దూరముగ నేర్పఱచిన తావునకు మార్చుచు, వేసవిలో నీటిపాత్రలు మాత్రము నిలిపియుంచుచు, సంఖ్య తనంతట తగ్గుటకు వ్యవధి యియ్యవలెను. గాయపడినదానికి చికిత్స చేయుటను ఏ నిబంధనయు ఆటంకపఱుపరాదు. ఇట్లు చేసినచో నిషేధము నిర్దయ కాజాలదు.

ఈ యాలోచనలన్నియు ముగిసినపిమ్మట నేను నిబంధన వ్రాసితిని. అందులో పావురముల మాటతో పాటు, భవనపు చెత్తగది తలుపు మూయవలెననియు, మేడపై నీళ్ళతొట్టి యుంచవలెననియు చేర్చితిని. సభవారందఱును ఒప్పుకొనిరి. కాగితమును లిఫ్టు ప్రక్కను అంటించితిని. నా పని చక్కగ నెఱవేఱినదని తలచితిని.

మఱునాటి సాయంకాలము పిన్నిగారు మా తలుపు తట్టిరి. చేతిలో జొన్నలడబ్బా. దానిని నా బల్లమీద నుంచి, "నాయనా, ఇవి నీ దగ్గర పెట్టుకో. ఇంట్లో ఉంటే చెయ్యి ఊరుకోదు" అనిరి. కొంతసేపు మాటాడలేదు. పిదప నన్నడిగిన ప్రశ్న యిది: "మాస్టారికి ఊపిరాడటం లేదని నాతో ఒక్కరైనా చెప్పారా? రెండేళ్ళనుంచి ఆయన కిటికీలు మూసుకున్నారని నాకేం తెలుసు? పైన ఉండేదాన్ని, క్రింద ఏముందో నాకు కనపడదు కదా. కాగితం అంటించేముందు తలుపు తట్టకూడదా?"

నాయొద్ద సమాధానము లేకపోయెను. దానమును గూర్చియు, దయను గూర్చియు, పొరుగువాని హక్కును గూర్చియు రెండుదినములు తలపట్టుకొని కూర్చుంటిని. ఒక్క అంతస్తు మెట్లెక్కి ఆ యింటి తలుపు తట్టుట మాత్రము తోచలేదు. పంతులుగారును రెండేండ్లు దగ్గుచు నూరకుండిరే గాని చెప్పలేదు. సభలో మేము పదునెనిమిదిమంది మాటాడితిమి. ఆమెకు కబురైనను పంపలేదు. ఆమె క్రిందిదానిని చూడక గింజలు వేసినది. మేము పైదానిని చూడక నిబంధన వేసితిమి. ఇందులో ఎవరి యంధత్వము పెద్దది?

నిబంధన తప్పని ఇప్పటికిని నేననను. అది యుండవలసినదే. పంతులుగారి యూపిరి పావురముల గుంపుకంటె విలువైనది. పావురములకు సయితము ఆ గుంపు మేలు కాదు. కాని నిషేధించువారికి ఒక ఋణము కలదని ఆ దినమున నాకు తెలిసినది. ఆ ఱెక్కలచప్పుడు ఆమెకు కేవలము పుణ్యమునకు కాదు. ఉదయమున తనకొఱకు ఎదురుచూచువారు ఒక్కరైనను కలరను ధైర్యమునకు. దానిని మేము తీసివేసితిమి. తీసివేసినచోట ఏమియుంచితిమి? పక్షులయెడ కరుణను గూర్చి వాదించుకొను మనము, గోడకవతల నొంటరిగ నున్న మనుష్యుని విషయమున కాకినైనను తోలని లోభులమై యున్నాము.

మూడుదినములు పావురములు యథాప్రకారముగ వచ్చి కడ్డీపై నిలిచినవి. పిన్నిగారు తలుపు తెఱవలేదు. నాలుగవదినమున పంతులుగారు కఱ్ఱ పట్టుకొని, మెట్లమీద మూడుమాఱు లాగి, ఆమె యింటికి పోయి క్షమాపణ చెప్పుకొనిరని తెలిసినది. దేనికి క్షమాపణ యని యడుగగా, "ముందుగా చెప్పకపోయినందుకు" అని వారనిరి. ఇప్పుడు సాయంకాలములందు వారిద్దఱును క్రిందనున్న వేపచెట్టునీడను కూర్చుండుట చూచుచున్నాను. జొన్నలడబ్బా నాయొద్దనే యున్నది. దానిని చూచినప్పుడెల్ల, ఏ నిబంధనయైనను గోడకెక్కుటకు ముందు ఒక తలుపు తట్టవలెనను మాట నాకు జ్ఞప్తికి వచ్చుచున్నది.